పై వార్డు చల్లబడిన విధం

పెద్దాసుపత్రి పై అంతస్తులోని జనరల్ వార్డు ఈ వేసవి నుంచి చల్లగా ఉన్నదని ప్రజలందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. ఈ సంగతి ఆ వార్డులో పడుకున్నవారికి తప్ప తక్కిన అందరికీ తెలుసు. పత్రికల్లో ఫొటోతో సహా వచ్చింది. మెట్ల దగ్గర పాలరాతి పలక మీద కూడా చెక్కించారు. రాతి మీద చెక్కినదాన్ని నమ్మకపోవడం రోగులకు తగని పని.

అంతకుముందు ఆ వార్డు వేడిగా ఉండేదనడంలో దాపరికం లేదు. పైకప్పు రేకులది. మధ్యాహ్నమయ్యేసరికి ఇనుప మంచాలు ముట్టుకుంటే చురుక్కుమనేవి. థర్మామీటరు రోగి నోట్లోకి వెళ్లకముందే, బల్ల మీద ఉండగానే, జ్వరం చూపించేది. దీనివల్ల డాక్టర్లకు చాలా శ్రమ తప్పింది. కాలు విరిగి చేరినవాడికి కూడా జ్వరం మందు రాసి, వానలు పడ్డాక జ్వరం తగ్గిందని ఇంటికి పంపేవారు. కొందరు వానల దాకా ఆగలేదు. అలా ఆగనివారిలో ఒకాయన బావమరిది పత్రికలో పనిచేస్తూ ఉండటంతో అది ఎండదెబ్బ అని తేలింది. పత్రికలో బావమరిది లేనివారిది సహజ మరణమే.

ఆరోగ్యశాఖ కదిలింది. రేకుల కింద పరిచేందుకు లారీ నిండా గ్లాస్ వూల్ చుట్టలు పంపింది. పసుప్పచ్చగా, దూది పరుపుల్లా, ఒక పక్క వెండి కాగితం అంటించి ఉన్న ఆ చుట్టలు ఆసుపత్రి ఆవరణలో దిగిన రోజున రోగులు కిటికీల్లోంచి చూసి, తమకు కొత్త పరుపులు వచ్చాయనుకుని సంబరపడ్డారు. సంబరం కూడా ఒక వైద్యమే కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఇక సూపరింటెండెంటు గారి గురించి. ఆయన గది సరిగ్గా ఆ వార్డు కింద ఉంది. ఆయనకు వేడి బాధ లేదు, గదిలో ఏసీ ఉంది. ఆయన బాధల్లా చప్పుడు. త్వరలో డైరెక్టరు పదవి ఖాళీ అవుతుందనీ, ప్రశాంతంగా ఆలోచించేవారికే అది దక్కుతుందనీ ఆయనకు గట్టి నమ్మకం. పైనేమో రోగులు. మంచాలు ఈడుస్తారు, దగ్గుతారు, మూలుగుతారు. నొప్పి వస్తే కడుపులో దాచుకోవడం చేతకాని మనుషులు. పది వాక్యాల ఉపన్యాసం రాసుకుందామని కూర్చుంటే రెండో వాక్యంలోనే ఎవరో ఒకరు అమ్మా అనేవారు.

అన్నిటినీ మించింది చెంబు. కిటికీ పక్క మంచంలో ఒక ముసలాయన ఉండేవాడు. నడుము పడిపోయింది, గొంతు పూడుకుపోయింది. గుసగుస తప్ప మాట రాదు. దాహమైతే చెయ్యి కిందికి జార్చి స్టీలు చెంబుతో నేల మీద కొట్టేవాడు. ఠంగు, ఠంగు, ఠంగు. ఎవరైనా వచ్చి నీళ్లు పోసేదాకా వదిలేవాడు కాదు. అందరూ ఆయన్ని చెంబు తాత అనేవారు. పైనున్న నర్సులకు ఆ చప్పుడు ఎంతగా అలవాటైందంటే, వాళ్ల చెవులకు అది ఎప్పుడో ఎక్కడం మానేసింది. కింద సూపరింటెండెంటు గారి చెవులకు మాత్రం సూటిగా ఎక్కేది. ఆయన తల పట్టుకుని బల్ల మీద గంట కొట్టేవారు.

"పైకి పోయి ఆ ముసలాయన నోట్లో నీళ్లు పోసి రావమ్మా. నా తల బద్దలవుతోంది," అని ఆయాను తరిమేవారు.

ఆయా ఎలాగూ కుండ పట్టుకుని పైకి ఎక్కింది కాబట్టి, అటూ ఇటూ మంచాల వాళ్లకు కూడా తలా కాస్త పోసి దిగేది. ఇన్నేళ్లుగా ఆ వార్డుకు నీళ్లు అందిన పద్ధతి ఇదే. ఆసుపత్రి నియమావళిలో ఈ పద్ధతి లేదు. పై వార్డు మొత్తం సూపరింటెండెంటు గారి తలనొప్పి మీద బతుకుతోందని ఎవరికీ తట్టలేదు. ఆయనకైతే అసలే తట్టలేదు.

చుట్టలు దించిన మర్నాడు కాంట్రాక్టరు ఒక ముక్క చేత్తో పట్టుకుని ఆయన గదిలోకి వచ్చాడు. చేతులకు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఆ వేషం చూసి సూపరింటెండెంటు గారు లోలోపల నవ్వుకున్నారు. పాతికేళ్లుగా ఆపరేషన్లు చేసే తనకే ఇన్ని జాగ్రత్తలు లేవు.

"గాజు కరిగించి, పీచు మిఠాయి తీసినట్టు సన్నటి పోగులు తీస్తారండీ," అన్నాడు కాంట్రాక్టరు. "పనిచేసేది గాజు కాదు, పోగుల మధ్య ఇరుక్కున్న గాలి. అది వేడిని కిందికి దిగనివ్వదు. నిప్పు పెట్టినా అంటుకోదు. తడవకుండా, అదిమి కుక్కకుండా ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. చప్పుడును కూడా లాగేసుకుంటుంది."

"దేన్ని లాగేసుకుంటుంది?"

"చప్పుడునండీ. కింద జిప్సం పలకలు కొట్టి, పైన మందంగా ఇది పరిచామంటే పక్క గదిలో బాజా వాయించినా మీకు తెలీదు."

సూపరింటెండెంటు గారు పైకప్పు వంక చూశారు. సరిగ్గా ఆ సమయానికే ఠంగుమంది.

ఆ సాయంత్రం జరిగిన సిబ్బంది సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం ఆసుపత్రి చరిత్రలో చిరకాలం నిలుస్తుంది. "వేడి తాత్కాలికం. వేసవి పోతే అదే పోతుంది. పరిపాలకుడి ఏకాగ్రత శాశ్వతంగా కావాలి. రోగిని చూసేది డాక్టరు, డాక్టరును చూసేది నేను. నా తల చల్లగా ఉంటే ఈ ఆసుపత్రిలో ప్రతి తలా చల్లగా ఉన్నట్టే. అందుచేత ఈ పదార్థాన్ని ముందుగా నా గది కప్పుకు వాడటం ద్వారా రోగుల సంక్షేమానికి శ్రీకారం చుడదాం." అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్లు ఎవరా అని ఆయన కళ్లజోడు సర్దుకుని చూసేసరికి వాళ్లూ కొట్టారు.

"మరి పైన ఏం వేద్దామండీ?" అని హెడ్ నర్సు అడిగింది.

"దానికి అంటించిన వెండి కాగితం ఉంది కదమ్మా. అది ఒలిచి పైన అంటించండి. ఫొటోలో పడేది ఎలాగూ కాగితమే."

ఈ దూరదృష్టికి హెడ్ నర్సు కూడా ముక్కున వేలేసుకుంది. కాగితం పైకి వెళ్లింది, వూల్ కిందికి వచ్చింది. సూపరింటెండెంటు గారి గది కప్పు మీద ఒకటికి రెండు పొరలు పడ్డాయి. పలకలు బిగించిన రోజున ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. దగ్గు లేదు, మూలుగు లేదు, చెంబు లేదు. లోకంలో ఇంత శాంతి ఉందని తెలియక ఇన్నాళ్లు వృథా చేసుకున్నానే అని ఆయనకు కళ్లు చెమర్చాయి. గంట కొట్టి ఆయాను పిలవవలసిన అవసరం ఆ రోజుతో తీరిపోయింది.

అయినా చుట్టలు మిగిలాయి. వాటిని వృథా పోనివ్వకుండా సిబ్బంది చూపిన బాధ్యత ప్రశంసనీయం. క్యాంటీను యజమాని తన పొయ్యి చుట్టూ చుట్టించాడు. స్టోరు గుమాస్తా ఇంట్లో వేడినీళ్ల ట్యాంకుకు తొడిగించాడు. డ్రైవరు సొంత కారు బానెట్ కింద పరిచాడు. మత్తు డాక్టరు గారి వదినకు లేటు వయసులో సంగీతం పట్టుకుంది. ఆయన ఆవిడ గది గోడలన్నిటికీ పట్టించి వీధి వాళ్ల దీవెనలు పొందారు. హెడ్ నర్సు తన మేడ మీది గదికి వేయించుకుంది. చివరికి ఆయా కూడా, అందరూ పట్టుకుపోతుంటే నేనొక్కదాన్నే ఎందుకు వెర్రిదాన్ని కావాలని, ఒక సంచీ నింపుకుపోయి దిండులో కూరి మొగుడి తల కింద పెట్టింది. గ్లాస్ వూల్ ఉపయోగాల గురించి ఏ పుస్తకంలో చదివినా ఇంత వివరంగా తెలియదు. ఒక్క ఆసుపత్రి వార్డు కప్పుకు వాడవచ్చన్న ఉపయోగం మాత్రమే అక్కడ పరీక్షకు రాలేదు.

దూదికి చేతి తొడుగులేమిటని ఎవరూ తొడుక్కోలేదు. వారం తిరగకుండా ఆసుపత్రి అంతా గోక్కోవడం మొదలైంది. గుమాస్తా మెడ, డ్రైవరు మోచేతులు, హెడ్ నర్సు నడుము, మత్తు డాక్టరు ఏకంగా ఒళ్లంతా. ఆయా మొగుడి ముఖం గుర్తుపట్టేలా లేదు. చర్మ వ్యాధుల డాక్టరు రంగంలోకి దిగి, ఇది ఇంతవరకు వైద్యశాస్త్రానికి తెలియని వ్యాధి అని నిర్ధారించి, దానికి గ్రీష్మ కండూతి అని పేరు పెట్టి, ఎడమ చేత్తో వీపు గోక్కుంటూ కుడి చేత్తో సదస్సుకు వ్యాసం రాశారు. అందులో ఆయన గమనించిన విశేషం ఒకటి ఉంది. ఈ వ్యాధి ఆసుపత్రిలో అందరికీ సోకింది గానీ జనరల్ వార్డు రోగుల్లో ఒక్కరికి కూడా సోకలేదు. పేదవారికి రోగనిరోధక శక్తి ఎక్కువని ఆయన తేల్చారు. ఎందుకు సోకలేదో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఎవరి వీపు వాళ్లు గోక్కుంటూ నోరు మెదపలేదు.

ఇలా ఉండగా పని పూర్తయిందని ధ్రువీకరించేందుకు శాఖ నుంచి కమిటీ వచ్చింది. అది వచ్చిన వేళ మిట్టమధ్యాహ్నం. కమిటీ అధ్యక్షుడు బరువైన మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆయన మెట్ల కింద నిలబడి పైకి చూసి, నిట్టూర్చి, తనిఖీ అన్నది కాళ్లతో చేసేది కాదు, మనసుతో చేసేది అన్నారు. డైరెక్టరు పదవికి పేరు సిఫారసు చేసేది కూడా ఈ అధ్యక్షుడే. అది తలుచుకోగానే సూపరింటెండెంటు గారికి ఆవేశం ముంచుకొచ్చింది. పక్కన పత్రికల ఫొటోగ్రాఫరు కూడా ఉన్నాడాయె.

"అయ్యా, మీరు శ్రమపడకండి. నా రోగులు పడుకున్న చోట నేను పడుకుంటాను. మీరు నా గదిలో భోజనం చేసి, నివేదిక రాసి, నన్ను పిలిచేదాకా ఆ మంచం దిగను. ఆ చల్లదనానికి నా శరీరమే సాక్ష్యం," అన్నారు.

అధ్యక్షుడు ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేశారు.

వార్డు శుభ్రంగా కనపడాలని రోగులందరినీ కింది వరండాలోకి దించేశారు. కదిపితే ప్రాణం మీదికి వస్తుందని చెంబు తాతను ఒక్కడినే వదిలేశారు. ఆయన పక్క మంచం మీద తెల్ల దుప్పటి పరిచి సూపరింటెండెంటు గారిని పడుకోబెట్టారు. చల్లదనం ఫొటోలో తెలియాలని మెడదాకా కంబళి కప్పారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. నెత్తిన వెండి కాగితం తళతళ, కింద ఆయన చిరునవ్వు. తర్వాత అందరూ దిగిపోయారు. రోగులు మళ్లీ ఎక్కివచ్చి పక్కలు నలిపేస్తారేమోనని హెడ్ నర్సు బయట గడియ పెట్టింది. చల్లదనం బయటికి పోకుండా పెట్టానని తర్వాత చెప్పింది.

సూపరింటెండెంటు గారు ముందు కంబళి తీశారు. తర్వాత కోటు, టై. చొక్కా గుండీలు విప్పేసరికి ఆయనకు ఒక సందేహం వచ్చింది. ఇంత వేడి ఉంటే రోగులు తనకు ఎందుకు చెప్పలేదు? లేచి తలుపు తట్టారు, అరిచారు. కింద మెట్ల దగ్గర ఎవరూ లేరు. అందరూ ఆయన గదిలో కమిటీకి వడ్డిస్తున్నారు. తిరిగి వచ్చి మంచం మీద కూలబడ్డారు. నాలుక పిడచకట్టుకుపోయింది. గుండె దడదడలాడుతోంది. ఎండదెబ్బ లక్షణాలన్నీ ఆయనకు వరసగా తెలుసు. ఒక్కొక్కటే వచ్చి ఆయన్ని పలకరించిపోతున్నాయి. ఆ తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు కాబట్టి ఆయనకు నిజంగా భయం వేసింది.

"నీళ్లున్నాయా, తాతా?"

"అడుగున కాసిని ఉన్నాయి బాబూ," అంది గుసగుస. "పొద్దుటి నుంచి దాచుకున్నా. తాగు."

సూపరింటెండెంటు గారు తాగారు. తాతకు మిగల్చాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది, కానీ చెంబు ఖాళీ అయ్యాక వచ్చింది.

"ఇప్పుడు కొట్టు బాబూ. నేల మీద గట్టిగా కొట్టు. ఇదివరకు కొడితే వచ్చేవాళ్లు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని కొట్టారు. ఠంగు, ఠంగు, ఠంగు. సరిగ్గా కిందనే తన బల్ల, తన కుర్చీ, తన గంట. వాటి చుట్టూ కమిటీ. చెంబు సొట్టపోయేదాకా కొట్టారు.

"ఇప్పుడు రావడంలేదా, తాతా?"

"ఈ మధ్య ఎంత కొట్టినా రావడంలేదు. అప్పట్లో కింద ఎవరో పుణ్యాత్ముడు ఉండేవాడు బాబూ. నా చప్పుడు వినపడగానే మనిషిని పంపేవాడు. నా పుణ్యాన పక్కవాళ్లూ తాగేవాళ్లు. ఆయనకు బదిలీ అయిపోయిందో ఏమో."

జవాబు చెప్పకుండా నీళ్లు నమలడానికి కూడా సూపరింటెండెంటు గారి నోట్లో తడి లేదు. ఆయన ఇంకా కొట్టారు.

కింద కమిటీ భోజనం ముగించింది. గదిలోని నిశ్శబ్దం అధ్యక్షుణ్ణి కదిలించింది. చాలాసేపు కళ్లు మూసుకుని చెవి ఒగ్గి విన్నారు. పైనుంచి కిక్కురుమనలేదు. "ఎంత హాయిగా నిద్రపోతున్నాడో," అని మెచ్చుకుని, వార్డులో ఉన్నవారి నుంచి ఎటువంటి ఫిర్యాదూ వినపడలేదని నివేదికలో చెప్పి రాయించారు. అది అక్షరాలా నిజం.

వరండాలో ఎండ తగిలి రోగులు తమంతట తాము పైకి వచ్చి గడియ తీస్తే, సూపరింటెండెంటు గారు నేల మీద బోర్లా పడి ఉన్నారు. వాళ్లే మోసుకొచ్చి ఆయన గదిలోనే పడుకోబెట్టారు. చెయ్యి బిగుసుకుపోయి ఉండటంతో పిడికిట్లోని చెంబు కూడా ఆయనతోనే కిందికి దిగింది. ఐసు, సెలైను, డాక్టర్ల గుంపు, హడావిడి. ఐసుకు సూపరింటెండెంటు గారి ఒళ్లంతా వణుకుతుంటే అధ్యక్షుడు కంగారుపడి, వార్డులో చల్లదనం మోతాదు మించినందున రోగులకు అదనంగా కంబళ్లు ఇవ్వాలని నివేదికకు ఒక వాక్యం కలిపారు. ఈ సిఫారసు మాత్రం వెంటనే అమలైంది. కమిటీ వెళ్లేదాకా రోగులను వరండాలోనే ఆపారు. ఆ హడావిడిలో సిబ్బంది ఎవరూ పైకి వెళ్లలేదు. పైన కొట్టడానికి చెంబు కూడా లేదు.

సూపరింటెండెంటు గారు కోలుకున్నారు. పాలరాతి పలక ఆవిష్కరణ జరిగింది, ఫొటో పడింది, డైరెక్టరు పదవికి ఆయన పేరే వెళ్లింది. ఇకనైనా ఆ వూల్ పైకి వెళుతుందని వరండాలో చెవులు కొరుక్కున్నారు. ఆయన వెళ్లనివ్వలేదు. పనిచేస్తున్న వస్తువును కదపకూడదని ఆయన స్వానుభవంతో చెప్పారు. నిజమే, దాని పనితనాన్ని పైనుంచీ కిందనుంచీ కూడా పరీక్షించిన మనిషి ఆ ఆసుపత్రిలో ఆయన ఒక్కరే. సొట్టపోయిన చెంబును తోమించి, తన త్యాగానికి గుర్తుగా బల్ల మీద పెట్టుకుని, అందులో పెన్నులు వేసుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఆయన ఉపన్యాసం రాసుకుంటూ ఉండగా పైన ఠంగుమంది.

ఆయన పెన్ను ఆగింది. మళ్లీ మూడు సార్లు వరసగా. చాలాకాలం తర్వాత గంట కొట్టారు. ఆయా వచ్చింది.

"పైకి పోయి ఆ ముసలాయనకు నీళ్లు పోసి రా."

"ఏ ముసలాయనకండీ?"

"చెంబు తాతకు. వినపడటంలేదూ?"

ఆయా కప్పు వంక చూసింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"నాకేం వినపడలేదండీ. ఆ మంచం ఖాళీ అయిపోయింది కదా. మిమ్మల్ని కిందికి తెచ్చిన రోజునే. మేం సాయంత్రం పైకెళ్లి చూసేసరికే..." అని ఆగి, "చెంబు మీ దగ్గరే ఉంది కదండీ," అంది.

సూపరింటెండెంటు గారు పెన్నుల చెంబు వంక చూశారు. పైన ఆగలేదు. ఆయన ఫోను అందుకుని కాంట్రాక్టరుకు చెప్పారు.

"నువ్వు వేసిన సరుకు నాసిరకం. ఇంకో పొర వెయ్యి."

కాంట్రాక్టరు వెంటనే రాలేకపోయాడు. చేతినిండా పని ఉందట. ఊళ్లో పై అంతస్తులో ఎవరైనా ఉన్న ప్రతి ఇంటివాళ్లూ వేయించుకుంటున్నారట. ఈ కథ చదువుతున్న మీరు కూడా ఇందాకటి నుంచి మెడ దగ్గర ఎక్కడో గోక్కుంటూ ఉంటే కంగారుపడనక్కర్లేదు. అది వ్యాధి కాదు. గోటితో రుద్దకుండా, ధారాళంగా చన్నీళ్లతో కడుక్కుంటే పోతుంది. మన ఇళ్లలో నీళ్లకు ఇబ్బంది లేదు కదా.